‘డూ-బాప్’లో మైల్స్ డేవిస్ ఎంత?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్ విని అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ మీద ఇష్టం పెంచుకున్నారు. తర్వాత ఆయన ఆఖరి స్టూడియో ఆల్బమ్ ‘డూ-బాప్’ విన్నారు, అదీ నచ్చింది. ఇంతలో మీ మిత్రుడొకరు ‘అది ఆయన ఆల్బమే కాదు, ఆయన పోయాక కంపెనీవాళ్ళు ముక్కలు అతికించి అమ్ముకున్నారు’ అన్నారట. ఆ మాట నిజమేనా, నిజమైతే 2019లో ఆయన పేరుతో వచ్చిన ‘రబ్బర్‌బ్యాండ్’ ఆల్బమ్‌ని ఏమనాలి అని అడిగారు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా రికార్డింగ్ థియేటర్లలో పనిచేశాను. మొదట చెన్నై, తర్వాత హైదరాబాద్. టేపు రోజుల్లో అసిస్టెంట్‌గా చేరి, కంప్యూటర్ రోజులు వచ్చాక ఇంజినీర్‌నయ్యాను. జాజ్ నాకు బతుకుతెరువు కాదు, రాత్రి ఇంటికొచ్చాక వినే సంగీతం. కానీ ట్రంపెట్‌కి మైకు పెట్టడం, ఒక పాట కోసం వాయించిన బిట్‌ని ఇంకో పాటలో కూర్చోబెట్టడం నా చేతులతో చేసిన పనులు. కాబట్టి ఆ వైపు నుంచి చెప్పగలను.

ముందు జవాబు చెప్పేస్తాను. ‘డూ-బాప్’లో ఆరు పాటలు నిక్కచ్చిగా మైల్స్‌వి. రెండు పాటల్లో ట్రంపెట్ మాత్రమే ఆయనది, పాట ఆయనది కాదు. చివర వచ్చే తొమ్మిదో ట్రాక్ మొదటి పాటకే చిన్న కొనసాగింపు. కాబట్టి మీ మిత్రుడి మాటలో కొంత నిజం ఉంది కానీ, ఆ మాటని మొత్తం ఆల్బమ్‌కి అంటగట్టడం అన్యాయం.

అసలు ఇది ఎలా పుట్టిందో చూడండి. 1991 నాటికి మైల్స్‌కి 65 ఏళ్ళు. న్యూయార్క్‌లో తన అపార్ట్‌మెంట్ కిటికీలు తెరుచుకుని కూర్చుంటే కింద వీధి చప్పుళ్ళు పైకి వినిపించేవట. ఆ వేసవి వీధి చప్పుడుని పట్టుకునే ఆల్బమ్ చేయాలనిపించింది ఆయనకి. ఆ చప్పుడంటే ఆ రోజుల్లో హిప్-హాప్. డెఫ్ జామ్ అనే హిప్-హాప్ రికార్డు కంపెనీ పెట్టినవారిలో ఒకరైన రస్సెల్ సిమన్స్‌ని అడిగి, కొత్త కుర్రాళ్ళలో తనకు సరిపోయేవాళ్ళెవరో వెతికించుకున్నారు. అలా బీట్లు కట్టే బ్రూక్లిన్ కుర్రాడు ఈజీ మో బీ దొరికాడు. అప్పటికి అతనికి పాతికేళ్ళు. తర్వాత కొన్నేళ్ళకి ర్యాపర్ నటోరియస్ బి.ఐ.జి. మొదటి ఆల్బమ్‌లో చాలా పాటలకి బీట్లు కట్టింది ఇతనే. కానీ మైల్స్ పిలిచేనాటికి అంత పేరు లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 1940ల్లో శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ పక్కన నిలబడి బీబాప్ అనే వేగమైన జాజ్ వాయించిన మనిషి, 1959లో ‘కైండ్ ఆఫ్ బ్లూ’ చేసిన మనిషి, తనకంటే నలభై ఏళ్ళు చిన్నవాడిని పిలిచి ‘నీ బీట్లు వినిపించు’ అన్నాడు. నాకు ఇది చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది. మన దగ్గర పేరున్న విద్వాంసులు చాలామంది యాభై దాటాక తమ పాత పాటల్ని తామే కాపలా కాస్తూ కూర్చోవడం నేను దగ్గరగా చూశాను. మైల్స్ తన జీవితమంతా దానికి ఎదురు నడిచాడు. 1972లో ‘ఆన్ ది కార్నర్’ చేసినప్పుడు కూడా నల్లజాతి కుర్రకారు వినే సంగీతంలోకి వెళ్ళాలన్నదే ఆయన పట్టుదల. అందులో సితార్ ఉంది, బాదల్ రాయ్ తబలా ఉంది. అప్పుడు జాజ్ విమర్శకులు దాన్ని చీల్చి చెండాడారు. ఇప్పుడు అదే ఆల్బమ్‌ని హిప్-హాప్‌కి పూర్వీకుల్లో ఒకటిగా లెక్కవేస్తున్నారు.

మో బీ పద్ధతి ఆ రోజుల్లో హిప్-హాప్ వాళ్ళందరి పద్ధతే. పాత రికార్డుల నుంచి చిన్న చిన్న ముక్కలు శాంప్లర్ అనే యంత్రంలోకి ఎక్కించుకుని, డ్రమ్ములతో కలిపి, మళ్ళీ మళ్ళీ తిరిగే ఒక చట్రం కట్టడం. అప్పట్లో హిప్-హాప్ నిర్మాతలు బాగా వాడిన ఎస్పీ-1200 అనే యంత్రంలో మొత్తం మీద పది సెకన్ల శబ్దమే పట్టేది. ఆ పది సెకన్లలోంచే పాటంతా లాగాలి. ‘ద డూ-బాప్ సాంగ్’లో వెనకాల తేలుతున్నట్టు వినిపించే కీబోర్డు శబ్దం కూల్ అండ్ ద గ్యాంగ్ వాళ్ళ ‘సమ్మర్ మ్యాడ్‌నెస్’ నుంచి తీసుకున్నదే. అలా కట్టిన చట్రాలు వింటూ, వాటి మీద మైల్స్ ట్రంపెట్ వాయించారు.

ఆరు పాటలు అయ్యాయి. తర్వాత ఆయన ఆస్పత్రిలో చేరారు. 1991 సెప్టెంబర్ 28న కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో కన్నుమూశారు. స్ట్రోక్, న్యుమోనియా, శ్వాస ఆడకపోవడం, అన్నీ కలిసి వచ్చాయి. ఆ వేసవి ఆయన ఎంత తిరిగారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. జూలై 8న స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో క్విన్సీ జోన్స్‌తో కలిసి, గిల్ ఎవాన్స్ ఒకప్పుడు తన కోసం కట్టిచ్చిన పాత అరేంజ్‌మెంట్లు వాయించారు. వెనక్కి తిరిగి చూడనని మొండికేసే మనిషి ఆ ఒక్కసారి ఒప్పుకున్నారు. రెండు రోజులకే ప్యారిస్‌లో పాత సహచరులతో ఇంకో కచేరీ. ఆగస్టు 25న హాలీవుడ్ బౌల్‌లో ఆఖరిది. అంతే.

ఇప్పుడు అసలు చిక్కు. చేతిలో ఉన్నది ఆరు పాటలు. ఆల్బమ్‌కి అవి చాలవు. అప్పుడు వార్నర్ రికార్డు కంపెనీ దగ్గర బీరువాలో ఉన్న పాత టేపుల్ని తీశారు. అవి 1985 చివర్లో, కొలంబియా కంపెనీ వదిలి వార్నర్‌లోకి వచ్చిన కొత్తలో మైల్స్ లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టి, పక్కన పెట్టేసిన ‘రబ్బర్‌బ్యాండ్’ సెషన్లు. వాటిలోంచి మైల్స్ ట్రంపెట్‌ని మాత్రం విడిగా తీసి మో బీకి ఇచ్చారు. అతను దాని చుట్టూ కొత్త పాటలు కట్టాడు. ‘హై స్పీడ్ చేజ్’, ‘ఫాంటసీ’ అలా వచ్చినవే. ఆల్బమ్ 1992 జూన్ 30న విడుదలైంది. మరుసటి ఏడాది ఆర్ అండ్ బి వాద్య సంగీతం విభాగంలో గ్రామీ కూడా వచ్చింది.

ఆ పని ఎలా చేస్తారో చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. మల్టీట్రాక్ టేపులో ఒక్కో వాద్యం ఒక్కో గీత మీద విడిగా ఉంటుంది. మిగతా అన్నిటినీ మూసేసి ట్రంపెట్ ఒక్కదాన్నే తెరవచ్చు. కానీ టేపు వేగం మారిస్తే శ్రుతి కూడా మారిపోతుంది. వేగం పెంచితే ట్రంపెట్ సన్నబడుతుంది, తగ్గిస్తే బొంగురుపోతుంది. శ్రుతి కదలకుండా వేగం మార్చే పరికరాలు 1991లో ఉన్నా, ట్రంపెట్ లాంటి వాద్యానికి వాడితే గరుకుదనం వినిపించేది. కాబట్టి అలాంటి పనిలో తేలికైన దారి ఏమిటంటే, ట్రంపెట్ ఏ వేగంలో ఉందో, ఏ శ్రుతిలో ఉందో చూసుకుని, దానికి లోబడి కొత్త బీట్ కట్టడం. అంటే వరస తిరగబడుతుంది. ఆరు పాటల్లో ముందు బీట్, తర్వాత మైల్స్. ఈ రెండిట్లో ముందు మైల్స్, తర్వాత బీట్.

ఇందులో తేడా ఏముంది, వినిపించేది ఆయన ట్రంపెటే కదా అంటారేమో. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

2000ల మొదట్లో ఒక సినిమా పాటకి పని చేస్తున్నాం. మధ్యలో ట్రంపెట్ బిట్ కావాలి. సంగీత దర్శకుడికి ఒక పాత పాటలో ఒక మాస్టారు వాయించిన బిట్ బాగా ఇష్టం. అది బయటికి రాని పాట. మాస్టారు చనిపోయి అప్పటికి రెండేళ్ళయింది. పాత స్పూల్ తెప్పించి, ఆ ట్రంపెట్‌ని విడదీసి, కొత్త పాటలో పెట్టమన్నారు. కొత్త పాట కొంచెం వేగం. నేను వాక్యానికీ వాక్యానికీ మధ్య ఉన్న ఖాళీలు కోసి, దగ్గరికి జరిపి, అతుకు తెలియకుండా కూర్చోబెట్టాను. రెండు రాత్రులు పట్టింది. రూములో అందరూ మెచ్చుకున్నారు.

కొన్ని నెలలకి ఆ మాస్టారి అబ్బాయి వేరే పాటకి వాయించడానికి వచ్చాడు. అతనూ ట్రంపెటే. సంతోషిస్తాడని ఆ పాట వినిపించాను. మొత్తం విన్నాడు. కోపం ఏమీ లేదు. ‘నాన్నేనండీ. కాకపోతే ఇక్కడ నాన్న ఊపిరి తీసుకుంటారు’ అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. నేను కోసేసిన ఖాళీ అదే.

ట్రంపెట్ వాయించేవాడికి ఖాళీ అంటే ఊరికే విరామం కాదు. ఊపిరి తీసుకుంటూ ఆ అర సెకనులో పక్కవాళ్ళు ఏం చేస్తున్నారో వింటాడు. డ్రమ్మర్ ఒక దెబ్బ ఎక్కువ వేస్తే దానికి జవాబుగా తర్వాతి స్వరం మారుతుంది. మైల్స్ విషయంలో ఇది ఇంకా ఎక్కువ. ఆయన వాయించిన స్వరాలు తక్కువ, వదిలిపెట్టిన చోట్లు ఎక్కువ. ట్రంపెట్ నోటికి బిగించి శబ్దాన్ని సన్నబరిచే హార్మన్ మ్యూట్‌ని, కాడ తీసేసి పెట్టి మైకుకి ఆనుకున్నట్టుగా వాయించే ఆ సన్నటి గొంతు, ఒక్క స్వరం పలికి ఆగిపోతుంది. ఆ ఆగడంలో ఆయన వింటున్నాడు. 1985 టేపులో ఆయన విన్నది 1985 నాటి గిటార్‌నీ, కీబోర్డునీ. ‘హై స్పీడ్ చేజ్’లో మనకి ఆ స్వరాలు ఉన్నాయి, ఆ ఆగడాలు ఉన్నాయి. కానీ ఆయన దేన్ని విని ఆగాడో అది లేదు. దాని చోట ఆయన ఎన్నడూ వినని బీట్ ఉంది.

అందుకే చనిపోయాక వచ్చిన ఏ ఆల్బమ్‌నైనా నేను ఒకే ఒక్క ప్రశ్నతో చూస్తాను: వాయిస్తున్నప్పుడు ఆ మనిషి చెవిలో పడ్డది, ఇప్పుడు మన చెవిలో పడుతున్నది ఒకటేనా? విడుదల తేదీ నాకు ముఖ్యం కాదు. అతుకులు ఉన్నాయా లేదా అన్నది కూడా ముఖ్యం కాదు. మైల్స్ ఆల్బమ్‌లలో అతుకులు ఆయన బతికుండగానే ఉన్నాయి. 1969 నాటి ‘ఇన్ ఎ సైలెంట్ వే’ రెండో వైపు విన్నారా? మొదట్లో వచ్చిన ఆ నెమ్మది రాగం చివర మళ్ళీ వస్తుంది. మళ్ళీ వాయించలేదు, నిర్మాత టియో మాసెరో అదే టేపుని కాపీ చేసి చివర అతికించాడు. అయినా అది మైల్స్ ఆల్బమే, ఎందుకంటే ఆ అతుకు విని ఒప్పుకోవడానికి ఆయన ఉన్నాడు. 1986 నాటి ‘టూటూ’లో చాలా భాగం వాద్యాలన్నీ మార్కస్ మిల్లర్ ఒక్కడే ముందుగా రికార్డు చేసి పెడితే, మైల్స్ వాటి మీద వాయించారు. అక్కడా బ్యాండ్ ఎదురుగా లేదు. కానీ హెడ్‌ఫోన్లో ఆయన విన్నదే మనమూ వింటున్నాం. ‘డూ-బాప్’లోని ఆరు పాటలు సరిగ్గా ‘టూటూ’ దారిలోవే. మార్కస్ బదులు మో బీ, సింథసైజర్ బదులు శాంప్లర్.

అదే ప్రశ్న ఇంకో ట్రంపెట్ వాద్యకారుడి విషయంలో అడిగి చూడండి, తేడా తేటగా తెలుస్తుంది. లీ మోర్గాన్ 1971 సెప్టెంబర్ 17, 18 తేదీల్లో న్యూజెర్సీలో వాన్ గెల్డర్ స్టూడియోలో తన బృందంతో రికార్డు చేశాడు. టెనర్ శాక్సఫోన్ మీద బిల్లీ హార్పర్, పియానో మీద హెరాల్డ్ మేబర్న్, ఫ్లూట్ మీద బాబీ హంఫ్రీ. ఐదు నెలలకి, 1972 ఫిబ్రవరి 19న, న్యూయార్క్‌లో స్లగ్స్ అనే క్లబ్బులో అతని జీవిత సహచరి హెలెన్ తుపాకీతో కాల్చింది. 33 ఏళ్ళకే పోయాడు. ఆ రికార్డింగ్ మోర్గాన్ పోయాక బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ నుంచి వచ్చింది, ఇప్పుడు ‘ద లాస్ట్ సెషన్’ అని పిలుస్తారు. చనిపోయాక వచ్చిన ఆల్బమే, కానీ అందరూ ఒకే గదిలో ఉండి, ఒకరినొకరు వింటూ వాయించి ముగించిన సంగీతం అది. దాని మీద మీకు ఏ సందేహమూ అక్కర్లేదు. బిల్లీ హార్పర్ రాసిన ‘కాప్రా బ్లాక్’ తప్పకుండా వినండి. మోర్గాన్ ఇంకో ఇరవై ఏళ్ళు బతికుంటే ఏ దిక్కుకి వెళ్ళేవాడో అందులో వినిపిస్తుంది. ఆ పాట విన్న ప్రతిసారీ నాకు గుండె పట్టేస్తుంది.

‘రబ్బర్‌బ్యాండ్’ సంగతికి వద్దాం. 1985 అక్టోబర్‌లో ర్యాండీ హాల్, జేన్ గైల్స్ అనే ఇద్దరు నిర్మాతలతో లాస్ ఏంజెలెస్‌లోని అమెరేకన్ స్టూడియోలో మొదలైన పని అది. ఫంక్, సోల్, పాటగాళ్ళ గొంతులు, అన్నీ కలిసిన ఆల్బమ్ చేద్దామనుకున్నారు. చాకా ఖాన్, అల్ జారో పాడతారని ప్లాన్. అది ఆగిపోయి, మైల్స్ మార్కస్ మిల్లర్‌తో ‘టూటూ’ వైపు వెళ్ళారు. ముప్పై ఏళ్ళు దాటాక ఆయన మేనల్లుడు, ఆ రోజుల్లో ఆయన దగ్గర డ్రమ్స్ వాయించిన విన్స్ విల్బర్న్ జూనియర్, ఆ ఇద్దరు నిర్మాతలతోనే కూర్చుని దాన్ని పూర్తి చేశారు. లెడిసీ, లేలా హాథవే పాడారు. 2019 సెప్టెంబర్ 6న విడుదల.

చేసినవాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. వాళ్ళు బయటివాళ్ళు కారు, మొదటి రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళే. ఇంటివాళ్ళు ఆగిపోయిన ఇల్లు కట్టి పూర్తి చేసినట్టు చేశారు. కానీ 1985లో మైల్స్ విన్న డ్రమ్ముల మీద 2010ల డ్రమ్ములు, ఆయన వినని గొంతులు పరిచారు. మొదటి పాట ‘రబ్బర్‌బ్యాండ్ ఆఫ్ లైఫ్’లో ట్రంపెట్ అతిథిలా వచ్చి వెళుతున్నట్టు ఉంటుంది. ఇంకో విషయం కూడా మర్చిపోకూడదు. ఆ టేపులు పోయినవి కావు. ఆయన తర్వాత ఆరేళ్ళు బతికారు. వాటిలోని ‘ద రింకిల్’ లాంటి పాటల్ని కచేరీల్లో వాయించుకున్నారు కూడా. ఆల్బమ్‌ని మాత్రం పూర్తి చేయలేదు. అందుకే నేను దాన్ని మైల్స్ వాయించిన ఆల్బమ్ అంటాను, మైల్స్ చేసిన ఆల్బమ్ అనను.

‘డూ-బాప్’ బాగుందా అన్నది వేరే ప్రశ్న. మీరు అడగకపోయినా చెబుతాను. ర్యాప్ ఉన్న చోట్ల నాకు తృప్తి లేదు. మాటల్లో మైల్స్‌ని పొగడటమే ఎక్కువ, కథ తక్కువ. మైల్స్ పోవడానికి నాలుగే రోజుల ముందు, 1991 సెప్టెంబర్ 24న, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే హిప్-హాప్ బృందం ‘ద లో ఎండ్ థియరీ’ విడుదల చేసింది. అందులో ఒక పాటకి బేస్ వాయించింది రాన్ కార్టర్, 1960ల్లో మైల్స్ దగ్గర ఐదేళ్ళు ఉన్న అదే రాన్ కార్టర్. జాజ్‌నీ ర్యాప్‌నీ కలపడంలో ఆ కుర్రాళ్ళు మైల్స్ కంటే ఒక అడుగు ముందున్నారు, అది ఒప్పుకోవాలి. కానీ ర్యాప్ లేని పాటల్లో, ‘మిస్టరీ’, ‘చాక్లెట్ చిప్’, ‘సోన్యా’లో, ఆ ట్రంపెట్ నాకు ఎంతో ఇష్టం. బీట్ ఎక్కడా మారదు, ఊపిరి తీసుకోదు. దాని ముందు 65 ఏళ్ళ మనిషి తనకు కావలసిన చోట ఊపిరి తీసుకుంటూ, కొంచెం ఆలస్యంగా, కొంచెం పక్కగా అడుగు వేస్తుంటాడు. యంత్రంతో వాయించేటప్పుడు దానితో సమానంగా పరిగెత్తకూడదని ఎంతమంది వాద్యకారులకి చెప్పానో లెక్కలేదు. ఇది వింటే చాలు, చెప్పక్కర్లేదు.

మీరు ఇలా వినండి. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని ముందు ‘మిస్టరీ’, వెంటనే ‘హై స్పీడ్ చేజ్’. డ్రమ్ములు పట్టించుకోకుండా ట్రంపెట్ ఆగిన చోట్లు మాత్రమే గమనించండి. మొదటిదాంట్లో ఆగి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు బీట్‌ని ఆనుకునే వస్తుంది. రెండోదాంట్లో స్వరాలు చురుగ్గానే ఉంటాయి గానీ, ఎవరితోనో మాట్లాడుతున్న మనిషిని గోడ అవతల నుంచి విన్నట్టు ఉంటుంది. మొదటిసారికే తెలియకపోతే కంగారు లేదు, నాకూ చాలాసార్లు పట్టింది. ‘రబ్బర్‌బ్యాండ్’కి వచ్చేసరికి మాత్రం మొదటి ట్రాక్‌తో మొదలుపెట్టకండి. పదకొండో ట్రాక్‌కి వెళ్ళండి. ఆల్బమ్ చివర ‘రబ్బర్‌బ్యాండ్’ అసలు పాటని 1985లో ఉన్న రూపంలో పెట్టారు. ముందు అది విని, తర్వాత వెనక్కి మొదటి ట్రాక్‌కి రండి.